ఫ్రీరేడియస్ 3.2కి మారడం: సర్వర్ పని ఒక రాత్రి, స్విచ్‌ల పని ఒక నెల

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. శంషాబాద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఉబుంటు 20.04 మీద ఫ్రీరేడియస్ 3.0.20, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే రేడియస్ లాగిన్ సర్వర్, ఏళ్లుగా నడుస్తోంది. హాస్టల్ వైఫై, ల్యాబుల్లో ఫైర్‌వాల్ లాగిన్ పేజీ, స్విచ్‌ల అడ్మిన్ లాగిన్ మూడూ దాని మీదే ఆధారపడ్డాయి. కొత్త 3.2 వరుసకు మారదామని టెస్ట్ మెషీన్లో ఎక్కిస్తే లాగ్ నిండా బ్లాస్ట్‌రేడియస్ అంటూ హెచ్చరికలు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారేమో "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తారు" అంటున్నారు. మారాలా వద్దా, మారితే ఏం ఆగిపోతుంది అన్నది మీ టెన్షన్.

మారండి. అందులో రెండో మాట లేదు. ఉబుంటు 20.04కి మామూలు సపోర్టు 2025 మే నెలతోనే అయిపోయింది, ఆ కారణం ఒక్కటే చాలు. కానీ మీరు భయపడుతున్న చోట ప్రమాదం లేదు, భయపడని చోట ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో, ఊళ్లో చిన్న కేబుల్ ఇంటర్నెట్ వాళ్ల దగ్గర ఈ సర్వర్లు పెట్టడం, చూసుకోవడం నా రోజువారీ పని. ఈ అప్‌గ్రేడ్ చాలాసార్లు చేశాను, ఒకసారి తప్పుగా కూడా చేశాను. అది కింద చెప్తాను.

ముందు ఆ హెచ్చరిక దేని గురించో చూద్దాం. రేడియస్ 1991లో లివింగ్‌స్టన్ అనే కంపెనీలో డయలప్ మోడెముల కోసం పుట్టింది. దాని నియమాల పత్రం, ఇప్పటికీ మనం వాడుతున్న ఆర్‌ఎఫ్‌సీ 2865, వచ్చింది 2000లో. ఫ్రీరేడియస్ ప్రాజెక్టు 1999లో మొదలైంది. అంటే సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా, అది మాట్లాడే భాష మాత్రం పాతది. ఆ భాషలో సర్వర్ ఇచ్చే జవాబు నిజంగా సర్వర్ నుంచే వచ్చిందని స్విచ్ ఎలా నమ్ముతుంది? జవాబు ప్యాకెట్‌నీ, స్విచ్ పంపిన ప్రశ్నలోని 16 బైట్ల యాదృచ్ఛిక సంఖ్యనీ, ఇద్దరికే తెలిసిన షేర్డ్ సీక్రెట్‌నీ వరసగా పేర్చి ఎండీ5 (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తారు. అంతే. ఆ ఒక్క ఎండీ5 మీదే నమ్మకం అంతా. ఎండీ5లో ఒకే ఫలితం ఇచ్చే రెండు వేర్వేరు సందేశాలు తయారు చేయవచ్చని 2004లోనే చూపించారు. రేడియస్‌లో మాత్రం అది అలాగే ఉండిపోయింది.

2024 జులై 9న సాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, మైక్రోసాఫ్ట్ వగైరా సంస్థల పరిశోధకులు కలిసి దీన్ని అసలు దాడిగా చేసి చూపించారు. పేరు బ్లాస్ట్‌రేడియస్, భద్రతా లోపాల జాబితాలో నంబర్ సీవీఈ-2024-3596. దాడి చేసేవాడు స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్య దారిలో కూర్చుంటాడు. తప్పుడు పాస్‌వర్డ్‌తో లాగిన్ అడుగుతాడు. సర్వర్ "వద్దు" అంటుందని వాడికి ముందే తెలుసు, ఆ జవాబు ఎలా ఉంటుందో కూడా ఊహించగలడు. "వద్దు", "సరే" రెండింటికీ ఒకే ఎండీ5 వచ్చేలా కొంత చెత్త డేటా లెక్కగట్టి, దాన్ని ప్రాక్సీ-స్టేట్ అనే అట్రిబ్యూట్‌లో (ప్యాకెట్‌లోని ఒక సమాచార భాగంలో) పెట్టి దారిలో వెళ్తున్న ప్రశ్నకు తగిలిస్తాడు. ప్రాక్సీ-స్టేట్‌లో ఏముంటే దాన్ని అక్షరం మార్చకుండా జవాబులో తిరిగి పంపాలన్నది రేడియస్ నియమం. సర్వర్ నిజాయతీగా "వద్దు" అని సంతకం పెట్టి పంపుతుంది. వాడు ఆ సంతకాన్నే పట్టుకుని ప్యాకెట్ మొదటి బైటు 03ని 02గా మార్చి, తన చెత్త డేటా అతికించి స్విచ్‌కి అందిస్తాడు. స్విచ్ లెక్క చూసుకుంటుంది, సరిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది. వాడికి పాస్‌వర్డూ తెలియదు, మీ షేర్డ్ సీక్రెట్టూ తెలియదు. అందుకే "మా సీక్రెట్ 32 అక్షరాలు సార్" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు మీ మూడు వాడకాలకు వద్దాం. హాస్టల్ వైఫై గురించి మీరు ఎక్కువ కంగారు పడుతున్నారు. అది పీప్ మీద, అంటే వైఫై లాగిన్‌కి వాడే ఈఏపీ పద్ధతి మీద నడుస్తోంది. ఈఏపీ ఉన్న ప్రతి ప్యాకెట్‌లోనూ మెసేజ్-ఆథెంటికేటర్ అనే ఇంకో అట్రిబ్యూట్ తప్పనిసరి. అది హెచ్‌మ్యాక్ అనే, సీక్రెట్‌తో సంతకం చేసే పద్ధతిలో ప్యాకెట్ మొత్తాన్ని కట్టిపడేస్తుంది, ఈ దాడి దాని ముందు సాగదు. కాబట్టి పిల్లల వైఫై ఈ విషయంలో క్షేమం. ప్రమాదంలో ఉన్నవి మిగతా రెండు: లాగిన్ పేజీ, స్విచ్‌ల అడ్మిన్ లాగిన్. ఇవి పాప్ లేదా చాప్ అనే పాత పాస్‌వర్డ్ పద్ధతుల్లో అడుగుతాయి, వాటికి మెసేజ్-ఆథెంటికేటర్ తప్పనిసరి అని పాత నియమాల్లో లేదు. నా లెక్కలో అడ్మిన్ లాగిన్ అన్నిటికంటే ముందు చూడాలి. ఒక స్టూడెంట్ ఖాతా దొంగ లాగిన్ అయితే పోయేది కొంత ఇంటర్నెట్. కోర్ స్విచ్‌లోకి అడ్మిన్‌గా దూరితే నెట్‌వర్క్ మొత్తం వాడి చేతిలో ఉన్నట్టే.

కొత్త వెర్షన్ చేసిందేంటంటే, 3.2.5 నుంచి రేడియస్‌డీ డాట్ కాన్ఫ్ అనే ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైల్లోని సెక్యూరిటీ భాగంలో రెండు అమరికలు పెట్టింది. మొదటిది మెసేజ్-ఆథెంటికేటర్‌ని తప్పనిసరి చేసే రిక్వైర్-మెసేజ్-ఆథెంటికేటర్, రెండోది అది లేకుండా ప్రాక్సీ-స్టేట్‌తో వచ్చేవాటిని ఆపే లిమిట్-ప్రాక్సీ-స్టేట్. (ఫైల్లో హైఫన్ బదులు అండర్‌స్కోర్ ఉంటుంది.) రెండింటికీ ఎస్, నో, ఆటో అనే మూడు విలువలు. పెట్టగానే వచ్చేది ఆటో. ఆటో అంటే ప్రతి క్లయింట్ (సర్వర్‌ని అడిగే స్విచ్, ఫైర్‌వాల్ లాంటి పరికరం) నుంచి వచ్చిన మొదటి ప్యాకెట్ చూసి సర్వర్ ఒక నిర్ణయానికి వస్తుంది: ఇందులో మెసేజ్-ఆథెంటికేటర్ ఉంది కాబట్టి ఇక నుంచి లేకుండా వస్తే తీసుకోను, లేదా ఇందులో లేదు కాబట్టి ఇతనికి మినహాయింపు. ఆ నిర్ణయం మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికి. మీకు కనిపిస్తున్న హెచ్చరికలు ఆ మినహాయింపుల జాబితా తప్ప మరోటి కాదు. అవి సర్వర్ జబ్బు గురించి చెప్పడం లేదు. మీ స్విచ్‌లలో, ఫైర్‌వాల్‌లో ఎవరెవరు ఇంకా పాత పద్ధతిలో మాట్లాడుతున్నారో పేరుపేరునా చెప్తున్నాయి. ఆ లాగ్‌ని తీసేయకండి, ఎక్సెల్‌లోకి ఎక్కించండి. ఆటోని జనాభా లెక్కలకు వచ్చిన ఎన్యూమరేటర్‌లా వాడుకోవాలి. లెక్క అయ్యాక ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోకూడదు.

ఇక నా తప్పు. 2024లో ఆ వార్త వచ్చిన వారమే, ఊళ్లో బోనాలు నడుస్తున్న రోజులు, ఒక కస్టమర్ దగ్గర శనివారం రాత్రి అప్‌గ్రేడ్ పెట్టుకున్నాం. వాళ్ల క్లయింట్స్ డాట్ కాన్ఫ్‌లో, అంటే పరికరాల జాబితా ఉండే ఫైల్లో, ఒక్కో స్విచ్‌కి ఒక్కో బ్లాక్ లేదు. 10.40.0.0/16 అని మొత్తం రేంజికి ఒకే బ్లాక్, ఒకే సీక్రెట్. పాతకాలంలో ఎవరో సులువుగా ఉంటుందని అలా రాశారు, నేను కూడా ప్రశ్నించలేదు. సర్వర్ లేచింది. అదే రేంజిలో ఉన్న ఒక మెషీన్ నుంచి రాడ్‌టెస్ట్ (టెస్ట్ లాగిన్ పంపే కమాండ్) కొట్టాను. యాక్సెస్-యాక్సెప్ట్, అంటే "సరే" అనే జవాబు, వచ్చింది. రాత్రి రెండింటికి ఇంటికి వచ్చి పడుకున్నాను.

పొద్దున్నే ఫోన్. స్విచ్‌లలోకి లాగిన్ కావడం లేదు, గెస్ట్ పేజీ తిరుగుతూనే ఉంది. లాగ్‌లో "రిజెక్ట్" కోసం వెతికాను, ఒక్కటి కూడా లేదు. ముప్పావు గంట పాస్‌వర్డ్‌లు, డేటాబేస్, ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ తిరగేశాక అప్పుడు వెలిగింది. రాడ్‌టెస్ట్ తన ప్యాకెట్‌లో మెసేజ్-ఆథెంటికేటర్ పెట్టే పంపుతుంది. ఆ రేంజి నుంచి సర్వర్ చూసిన మొదటి ప్యాకెట్ నాదే. ఈ 10.40 వాళ్లందరికీ మెసేజ్-ఆథెంటికేటర్ వచ్చు అని అది తీర్మానించుకుంది. ఆ తర్వాత పాత స్విచ్‌లు పంపినవన్నీ మారు మాట్లాడకుండా పారేసింది. పారేయడం అంటే రిజెక్ట్ పంపడం కాదు, అసలు జవాబే ఉండదు. అందుకే పేజీలు తిరుగుతూ ఉండిపోయాయి.

అది సగం కథే. నేను కారణం వెతుకుతుండగానే వాళ్ల ఆఫీసు కుర్రాడు సర్వర్ రీస్టార్ట్ చేశాడు, అంతా పనిచేయడం మొదలైంది. అతను సంతోషంగా ఫోన్ చేశాడు. ఏమైందంటే, ఈసారి మొదటి ప్యాకెట్ ఒక పాత స్విచ్ నుంచి వచ్చింది. దాంతో మొత్తం /16 రేంజి మినహాయింపులోకి వెళ్లిపోయింది, కొత్తగా ఫర్మ్‌వేర్ వేసిన కోర్ స్విచ్‌లతో సహా. అంటే ఆగిపోయినప్పుడు తలుపు మూసి ఉంది, పనిచేసినప్పుడు బార్లా తెరిచి ఉంది. నాకు ఇప్పటికీ భయం వేసేది ఆ రెండో స్థితే, ఎందుకంటే దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఒకే ఐపీ వెనక రకరకాల పరికరాలు ఉంటే ఆటో మీ నెట్‌వర్క్‌ని దెబ్బతీయవచ్చని ఆ కాన్ఫిగరేషన్ ఫైల్లోనే డెవలపర్లు వ్యాఖ్యగా రాసి పెట్టారు. అది చదవకపోవడం పూర్తిగా నా పొరపాటు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని అప్‌గ్రేడ్‌కి ముందే ఉంది. ఒక్కో పరికరానికి ఒక్కో క్లయింట్ బ్లాక్, దాని సొంత ఐపీ, దాని సొంత సీక్రెట్. ఇరవై స్విచ్‌లు ఉంటే ఇరవై బ్లాకులు. విసుగు పుట్టించే పని, ఒక సాయంత్రం పడుతుంది, చేసేయండి.

రెండో గొయ్యి మీ పాత ఫైల్లోనే ఉండొచ్చు, చూసుకోండి. 3.0 తొలి వెర్షన్లతో వచ్చిన క్లయింట్స్ డాట్ కాన్ఫ్‌లో లోకల్‌హోస్ట్ బ్లాక్ లోపల రిక్వైర్-మెసేజ్-ఆథెంటికేటర్ ఈజీక్వల్‌టు నో అని స్పష్టంగా రాసి ఉండేది. మనవాళ్లంతా కొత్త స్విచ్ వచ్చినప్పుడల్లా ఆ బ్లాక్‌నే కాపీ కొట్టి ఐపీ మార్చేవాళ్లం. ఆ ఫైలుని యథాతథంగా కొత్త సర్వర్‌కి తెస్తే, పైన సెక్యూరిటీ భాగంలో ఏమున్నా, క్లయింట్ దగ్గర రాసిన నో నే చెల్లుతుంది. వెర్షన్ కొత్తది, రంధ్రం పాతది. గ్రెప్ కమాండ్‌తో వెతికి ఆ వరుసలన్నీ పట్టుకోండి.

ఒక్కో పరికరం నిజంగా ఏం పంపుతోందో కళ్లారా చూడటం నాకు ఇష్టం, మీరూ ఒకసారి చేయండి. సర్వర్‌లో యూడీపీ 1812 పోర్టు మీద ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌ని హెక్స్‌లో పెట్టి, వేరే కిటికీలోంచి ఆ స్విచ్‌కి లాగిన్ అవ్వండి. రేడియస్ ప్యాకెట్ మొదటి బైటు 01, అంటే యాక్సెస్-రిక్వెస్ట్. తర్వాతి బైటు ఐడీ, ఆపై రెండు బైట్లు పొడవు, ఆపై 16 బైట్ల ఆథెంటికేటర్. ఈ 20 బైట్లూ దాటాక అట్రిబ్యూట్లు మొదలవుతాయి: 01తో మొదలయ్యేది యూజర్ నేమ్, 02 పాస్‌వర్డ్, 04 06 అంటే స్విచ్ ఐపీ. మీరు వెతకాల్సింది 50 12 అనే జంట. హెక్స్‌లో 50 అంటే మన లెక్కలో 80, మెసేజ్-ఆథెంటికేటర్ నంబర్ అదే. 12 అంటే 18 బైట్లు, రెండు తలకి, పదహారు సంతకానికి. అది ఉంటే ఆ పరికరం మంచిది. తర్వాత సర్వర్ జవాబు చూడండి. 3.2.5 ఆ పైన అయితే 20 బైట్లు దాటగానే మొట్టమొదట 50 12 నే కనిపించాలి. దాన్ని జవాబులో ముందు పెట్టడం కూడా ఈ మరమ్మత్తులో భాగమే. వైర్‌షార్క్ ఉంటే ఇంకా సులువు, కానీ ఒక్కసారైనా హెక్స్‌లో చూస్తే మళ్లీ మర్చిపోరు.

ఒక జాగ్రత్త. వైఫై కంట్రోలర్ని చూసేటప్పుడు ఈఏపీ ప్యాకెట్‌లో 50 12 కనిపించిందని దాన్ని పాస్ చేసేయకండి. ఈఏపీలో ఎలాగూ ఉంటుంది. అదే కంట్రోలర్ గెస్ట్ పేజీకి పాప్‌తో అడిగినప్పుడు, మ్యాక్ అడ్రస్‌తో ప్రింటర్లను లోపలికి రానిచ్చేటప్పుడు పెడుతోందా అని విడిగా చూడాలి.

లేనివాటికి ఫర్మ్‌వేర్ వేయాలి. పెద్ద కంపెనీలు చాలావరకు 2024 రెండో సగం నుంచి దీనికి అప్‌డేట్లు ఇచ్చాయి, కొన్నిట్లో అమరిక విడిగా ఆన్ చేయాలి. మైక్రోటిక్ ఉంటే కొత్త రౌటర్‌ఓఎస్ 7లో రేడియస్ క్లయింట్ దగ్గర మెసేజ్ ఆథ్ అడిగే ఆప్షన్ ఉంటుంది. సర్వర్ వైపు మాత్రమే కాదు, పరికరం కూడా జవాబులో దాన్ని తప్పనిసరి చేయాలి. మోసపోయేది పరికరమే కదా, సర్వర్ కాదు. సపోర్టు అయిపోయిన పాత స్విచ్‌లు ఎలాగూ కొన్ని తేలతాయి. వాటిని, సర్వర్‌ని కలిపి వేరే మేనేజ్‌మెంట్ వీలాన్‌లో (విడిగా కట్టిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి, స్టూడెంట్ ట్రాఫిక్ అందులోకి రాకుండా చూడండి. దారిలో కూర్చునే అవకాశం లేకపోతే ఈ దాడి లేదు. ఒకవేళ సర్వర్ క్లౌడ్‌లో ఉండి, స్విచ్‌లు కాలేజీలో ఉంటే మాత్రం యూడీపీ 1812ని నేరుగా ఇంటర్నెట్ మీద పంపకండి. వైర్‌గార్డ్ గానీ ఐపీసెక్ గానీ, ఏదో ఒక వీపీఎన్ వేయండి, లేదా రెండు వైపులా వీలైతే టీసీపీ 2083 మీద టీఎల్‌ఎస్‌లో చుట్టి పంపండి. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రౌటర్, ముంబయిలో సర్వర్, మధ్యలో ఏమీ లేకుండా బిల్లింగ్ నడుపుతున్న చిన్న ప్రొవైడర్లు ఇది చదువుతుంటే, మీ పరిస్థితి ఈ కాలేజీ కంటే తొందర పడాల్సింది.

సర్వర్ మార్పు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 3.0 కాన్ఫిగరేషన్ 3.2లో నడుస్తుంది, 2 నుంచి 3కి వెళ్లినప్పటి నరకం ఇక్కడ లేదు. ఉన్న మెషీన్‌ని అప్‌గ్రేడ్ చేయకుండా ఉబుంటు 24.04తో కొత్త వీఎం (వర్చువల్ మెషీన్) లేపండి. అందులో ఫ్రీరేడియస్ 3.2.5 వస్తుంది. ఉబుంటు ప్యాకేజీలో ఫైళ్లు ఈటీసీ కింద ఫ్రీరేడియస్ ఫోల్డర్ లోపల 3.0 అనే ఫోల్డర్‌లోనే ఉంటాయి, 3.2 వేసినా పేరు అదే, కంగారు పడకండి. ప్రాజెక్టు వాళ్ల సొంత ప్యాకేజీలు వేస్తే ఆ 3.0 ఫోల్డర్ ఉండదు. అది తెలియక ఒక ఫోల్డర్‌లో మారుస్తూ ఇంకో ఫోల్డర్ నుంచి నడిపినవాళ్లని చూశాను. ముందు మైనస్ పెద్ద ఎక్స్ పెద్ద సీతో కాన్ఫిగరేషన్ చెక్ చేసి, తర్వాత మైనస్ పెద్ద ఎక్స్‌తో డిబగ్‌లో నడిపి చూడండి.

హాస్టల్ వైఫైకి అసలు గండం ఇక్కడుంది, బ్లాస్ట్‌రేడియస్‌లో కాదు. పాత సర్వర్‌లోని సర్టిఫికెట్, ప్రైవేట్ కీ, సీఏ (దాన్ని జారీ చేసిన మూల సర్టిఫికెట్) మూడూ అలాగే తీసుకురండి. కీ ఫైల్‌ని సర్వర్ నడిచే ఫ్రీరాడ్ యూజర్ చదవగలిగేలా ఉండాలి. అవి తేకుండా ప్యాకేజీతో వచ్చిన నమూనా సర్టిఫికెట్‌తో లేపితే, సోమవారం పొద్దున ప్రతి ఫోనూ ఇది కొత్త సర్వర్ అని అడ్డం తిరుగుతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి "సర్టిఫికెట్ చూడొద్దు" అనే ఆప్షన్ పోతూ వచ్చింది కాబట్టి పిల్లలు దాటేయలేరు, దాటేయకూడదు కూడా. ఇంకో సంగతి, ఫ్రీరేడియస్ సర్ట్స్ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌తో టెస్ట్ సర్టిఫికెట్ చేసుకుంటే దాని ఆయుష్షు 60 రోజులే. రెండు నెలలు బాగా నడిచి ఒక రోజు అందరి వైఫై ఒకేసారి పోయిందంటే ముందు ఆ తేదీ చూడాలి. 24.04లో టీఎల్‌ఎస్ 1.0, 1.1 కూడా మామూలుగా ఒప్పుకోదు, ల్యాబుల్లో విండోస్ 7 మెషీన్లు ఏమైనా మిగిలి ఉంటే ముందే లెక్క తీసుకోండి.

ప్రిన్సిపాల్ గారి మాటకు నేనైతే ఇలా చెప్తాను: "సార్, హాస్టల్ వైఫైని కదిలించడం లేదు, దాని సర్టిఫికెట్ కూడా అదే. మార్చేది అడ్మిన్ తలుపు తాళం. పాత సర్వర్ రెండు వారాలు అలాగే ఆపి ఉంచుతాం, ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో వెనక్కి." అది నిజం కూడా. కొత్త వీఎంకి పాత ఐపీయే ఇస్తే స్విచ్‌లలో ఏమీ మార్చక్కర్లేదు, వెనక్కి రావడం కూడా ఐపీ మార్చినంత సులువు. సెమిస్టర్ పరీక్షల వారం మాత్రం వద్దు. స్విచ్‌లన్నిటిలో ఒక లోకల్ అడ్మిన్ ఖాతా పనిచేస్తోందో లేదో ఆ రాత్రికి ముందే ఒక్కోదానిలో లాగిన్ అయి చూడండి. రేడియస్ జవాబు ఇవ్వనప్పుడు మీరు లోపలికి వెళ్లే దారి అదొక్కటే.

మారిన తర్వాత రెండు మూడు వారాలు ఆటోలో వదిలి, లాగ్‌లోని పేర్లు తగ్గుతున్నాయో లేదో చూడండి. మంచిదని తేలిన ప్రతి పరికరానికి దాని బ్లాక్‌లో ఎస్ అని చేత్తో రాయండి. చివరికి పైన సెక్యూరిటీ భాగంలో ఎస్ పెట్టి, మారని ఆ రెండు మూడు పాత స్విచ్‌లకు మాత్రం వాటి బ్లాక్‌లో నో, పక్కనే తేదీ, కారణం రాసుకోండి. అవి కొనుగోలు ఫైల్లోకి వెళ్లాల్సిన పేర్లు. ఎర్నెట్ (విద్యాసంస్థల నెట్‌వర్క్) ద్వారా ఎడ్యురోమ్ (కాలేజీల మధ్య ఉమ్మడి వైఫై) కూడా ఉంటే అటు నుంచి వచ్చేదంతా ఈఏపీయే కాబట్టి ఎస్ పెట్టినా ఆగదు. అక్కడ ప్రాక్సీ-స్టేట్ రావడం కూడా మామూలే.

మీ దగ్గరున్న స్విచ్‌ల మోడళ్లు, ఫర్మ్‌వేర్ వెర్షన్లు, ఒక పాప్ లాగిన్ సమయంలో వచ్చిన డిబగ్ లాగ్ ఇక్కడ పెట్టండి. సీక్రెట్లు, యూజర్ పాస్‌వర్డ్‌లు కొట్టేసి మాత్రమే పెట్టండి, డిబగ్‌లో పాప్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. ఏది మారుతుంది, ఏది వీలాన్‌లోకి వెళ్లాలి అన్నది ఒక్కోదానికి చూసి చెప్తాను.